యిన్-యాంగ్‌కి నంబరుంది, వీసానికీ ఉంది

కంప్యూటర్లో తెలుగు గురించి నలుగురు మాట్లాడుకునే చోట ఒక ఫిర్యాదు తప్పకుండా వినిపిస్తుంది. చైనావాళ్ళ యిన్-యాంగ్ బొమ్మకి యూనికోడ్‌లో చోటిచ్చారు. వాళ్ళ యీ-చింగ్ గ్రంథంలో ఉన్న ఆరుగీతల బొమ్మలు అరవై నాలుగింటికీ, ఒక్కోదానికి ఒక్కో నంబరు చొప్పున, అరవై నాలుగు నంబర్లిచ్చారు. మనకేమో తెలుగు ఓంకారానికి విడిగా గడి లేదు, ఒత్తులకి వేరే నంబర్లు లేవు, నిండుగా ఉండాల్సిన అక్షరాన్ని ముక్కలుముక్కలు చేశారు. ఇది వివక్ష, మనవాళ్ళు గట్టిగా అడగకపోవడం వల్ల జరిగిన నష్టం, అని. విజయవాడలో పుస్తకావిష్కరణ సభల్లో విన్నాను. మా ఇబ్రహీంపట్నంలో టీ కొట్టు దగ్గర కూడా విన్నాను. చెప్పేవాళ్ళు చదువుకున్నవాళ్ళే, భాష మీద ప్రేమ ఉన్నవాళ్ళే.

ఈ ఫిర్యాదు తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను. తప్పవడమే కాదు, ఇది మనకి చాలా సుఖమైన ఫిర్యాదు. లోపం ఎక్కడో కాలిఫోర్నియాలో కూర్చున్న కమిటీదైతే ఇక్కడ మనం చెయ్యాల్సిన పనేమీ ఉండదు కదా. ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత. మద్దెల బాగానే ఉంది. ఆ సంగతి చెప్పాలంటే యిన్-యాంగ్ దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

సగం నలుపు, సగం తెలుపు. నలుపులో ఒక తెల్ల చుక్క, తెలుపులో ఒక నల్ల చుక్క. చైనాలో దీన్ని తైజీతూ అంటారు. పదకొండో శతాబ్దంలో జౌ దున్‌యీ అనే తాత్త్వికుడు తైజీ పటం మీద రాసిన చిన్న వ్యాఖ్య చాలా ప్రసిద్ధం. అయితే ఆయన నాటి పటం వలయాలతో ఉండేది. రెండు చేపలు ఒకదాన్నొకటి చుట్టుకున్నట్టుండే ఇప్పటి రూపం తర్వాతి శతాబ్దాల్లో స్థిరపడింది. వెలుగులో నీడ ఉంటుంది, నీడలో వెలుగు ఉంటుంది, రెండూ ఒకదాన్లోంచి ఒకటి పుడుతుంటాయి అని చెప్పే పటం అది.

యూనికోడ్ ఆ తత్త్వం జోలికి పోలేదు. 9775 అని ఒక నంబరిచ్చింది. పక్కన యిన్ యాంగ్ అని ఇంగ్లీషులో పేరు రాసుకుంది. అంతే. 1993 నాటి కూర్పులోనే అది ఉంది. ఇది పెద్ద గౌరవమనుకునేవాళ్ళు ఆ వరసలో పక్కవాళ్ళెవరో ఒకసారి చూడాలి. 9770 నెలవంకా నక్షత్రం. 9772 సిక్కుల ఖండా గుర్తు. 9773 విజయవాడ గోడలకి బాగా తెలిసిన సుత్తీ కొడవలి. 9774 శాంతి చిహ్నం. ఆ తర్వాతి గడి యిన్-యాంగ్‌ది. అప్పటికే అచ్చులోనూ పాత ఫాంట్లలోనూ తిరుగుతున్న రకరకాల గుర్తులకి ఇచ్చిన బారు అది. తాత్త్విక గ్రంథాలయం కాదు, కిరాణా కొట్టు అలమర లాంటిది. ఫైల్లో దాచుకునేటప్పుడు యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఆ 9775 మూడు బైట్లవుతుంది: 226, 152, 175. దాని వెనకాల 65039 అనే, పైకి కనపడని ఇంకో నంబరు తగిలిస్తే అదే గుర్తు ఫోన్లో రంగుల ఎమోజీగా మారుతుంది. వెయ్యేళ్ళ ఆలోచన చివరికి నవ్వు మొహాల పక్కన ఒక బొత్తాం అయింది. నంబరు దొరకడమంటే గౌరవం దొరకడం కాదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

మరి నంబరు వల్ల ఒరిగేదేమిటి? ఒకే ఒక్క ఉపయోగం, కానీ చాలా పెద్దది. ఆకారాన్నీ అర్థాన్నీ విడదీస్తుంది.

ఒకదాని కింద ఒకటి మూడు అడ్డగీతలు గీయండి. యీ-చింగ్ చదివేవాడికి అది ఆకాశం. యూనికోడ్‌లో యిన్-యాంగ్‌ని ఆనుకుని ఉన్న 9776వ గడి దానిదే: ☰. చైనా లిపి చదివేవాడికి దాదాపు అదే ఆకారం మూడు అంకె. లెక్కల మాస్టారికి సర్వసమానం గుర్తు. వెబ్‌సైట్లు తయారుచేసే కుర్రాళ్ళకి మెనూ బటన్. నిజంగానే చాలామంది ఆ ఆకాశాన్ని తీసుకొచ్చి మెనూ బటన్‌గా పెట్టేశారు. చూపులేనివాళ్ళకి తెరని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అక్కడికొచ్చేసరికి, మెనూ అనాల్సింది పోయి, ఆకాశపు మూడుగీతల బొమ్మ అని చదివిన సందర్భాలున్నాయి. నవ్వొస్తుంది గానీ అందులో పాఠముంది. కంటికి ఆకారం చాలు. యంత్రానికి చాలదు, అదేమిటో చెప్పాలి. ఆ చెప్పడమే నంబరు.

ఆ మూడు అడ్డగీతలనే పాత తెలుగు లెక్కలు రాసిన కరణం చూస్తే ఇంకో మాట అంటాడు. ఆయనకవి మూడు వీసాలు, అంటే పదహారింట మూడు వంతులు. దానికీ యూనికోడ్‌లో నంబరుంది. 3198: ౾. ఇక్కడ మీలో కొందరికి అంకె బదులు ఖాళీ డబ్బా కనిపించి ఉండొచ్చు. యిన్-యాంగ్‌కి ఆ గతి పట్టదు, అది దాదాపు ప్రతి ఫోన్లోనూ కనిపిస్తుంది. గొడవంతా ఇక్కడుంది. దీనికి మళ్ళీ వస్తాను.

ముందు ఫిర్యాదులోని అంశాలకి ఒక్కొక్కటిగా జవాబు చెప్పాలి.

మొదటిది ఓంకారం. దేవనాగరి ఓం అక్షరమాలలోని ముక్కలు కలిపితే వచ్చే ఆకారం కాదు, అందుకని దానికి విడిగా నంబరు కావాల్సి వచ్చింది. తమిళం ఓం కూడా అంతే. తెలుగులో మనం ఓంకారాన్ని ఓ పక్కన సున్న పెట్టి రాస్తాం. ఉన్న రెండు నంబర్లతో అది నిక్షేపంగా వస్తుంది. రాయగలిగినదానికి మళ్ళీ ఇంకో నంబరెందుకు? ఒకే మాటకి రెండు రకాల రాత ఏర్పడి, ఒకటి వెతికితే ఇంకోటి దొరక్కుండా పోవడానికి తప్ప.

రెండోది పైకి గట్టిగా కనిపించే వాదన. అక్కడ ఆరు గీతలకి కలిపి ఒకటే నంబరు. ఇక్కడ స్త్రీ అనే ఒక్క అక్షరానికి స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు నంబర్లు. ఆరు మూళ్ళు పద్ధెనిమిది బైట్లు. ఇదేం న్యాయం అంటారు.

యీ-చింగ్ బొమ్మలు అరవై నాలుగే. రెండు రకాల గీతలు, ఆరు వరసలు, రెండుని ఆరుసార్లు హెచ్చిస్తే అరవై నాలుగు. అరవై ఐదోది రాదు, రాలేదు. పైగా ప్రతి బొమ్మకీ ఒక పేరుంది, ఒక అధ్యాయముంది. చదివేవాళ్ళు దాన్ని మొత్తంగా ఒక వస్తువుగా చూస్తారు. అందుకని 2003లో నాలుగో కూర్పు వచ్చినప్పుడు 19904 నుంచి 19967 దాకా వాటికిచ్చేశారు. ఆ వెంటనే 19968లో చైనా అక్షరాల బారు మొదలవుతుంది, అందులో మొదటి అక్షరం ఒకటి అంకె, ఒకే ఒక్క అడ్డగీత. అదే కూర్పులో యాంగ్ షియుంగ్ రాసిన థాయ్ షువాన్ చింగ్ గ్రంథంలోని నాలుగుగీతల బొమ్మలు ఎనభై ఒకటి కూడా చేరాయి. అవి మూడు రకాల గీతలతో చేసినవి, మూడుని నాలుగుసార్లు హెచ్చిస్తే ఎనభై ఒకటి. అన్నీ మూతపడిన జాబితాలు.

తెలుగు అక్షరాల జాబితా మూతపడిందా? సాఫ్ట్‌వేర్ అన్న మాట వచ్చి ఎన్నేళ్ళయింది? అందులోని హల్లులన్నీ ఒకదాని కింద ఒకటి చేర్చి రాసేవాళ్ళున్నారు. మా తాతల పెద్దబాలశిక్షలో అలాంటి సంయుక్తాక్షరం ఉండే అవకాశమే లేదు. రేపు ఇంకో దేశం నుంచి ఇంకో మాట వస్తుంది. బళ్ళో పిల్లలకి మనం నేర్పేది జాబితా కాదు. హల్లు, గుణింతం, ఒత్తు, వీటిని కలిపే పద్ధతి. యూనికోడ్ కూడా ఆ పద్ధతినే నంబర్లుగా మార్చింది. దీనికి పునాది ఇస్కీ అనే ప్రమాణం. అది అమెరికాలో పుట్టలేదు, మన దేశంలో తయారై 1991లో భారత ప్రమాణాల సంస్థ ఆమోదం పొందింది. కాబట్టి ముక్కలు చేసిన పాపం ఏదైనా ఉంటే అందులో ఢిల్లీకీ వాటా ఉంది. నా మటుకు నాకు అది పాపమే కాదు.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. బైట్ల భారం నిజమే. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్ 160 అక్షరాలు పట్టిన రోజుల్లో తెలుగు ఎస్సెమ్మెస్ 70 నంబర్లకే నిండిపోయేది. డబ్బులు రెట్టింపయ్యేవి. ఆ రోజుల్లో ఈ మాటంటే వినేవాణ్ణి. ఇప్పుడు పొద్దున లేస్తే శుభోదయం బొమ్మలు ఒక్కోటి లక్షల బైట్ల చొప్పున పంపించుకుంటూ, స్త్రీకి పద్ధెనిమిది బైట్లయ్యాయని ఏడిస్తే ఎవరు నమ్ముతారు?

మూడోది, మనవాళ్ళు అడగలేదు, అడిగినా వినరు అనే మాట. ఇది పచ్చి అబద్ధం. తెలుగువాళ్ళు అడిగారు, రుజువులతో రాసిచ్చారు, యూనికోడ్ ఇచ్చింది. చదువరులకి ఎరుకైన చ, జల రెండో ఉచ్చారణకి ౘ, ౙ అనే గళ్ళు 2008లో వచ్చాయి. సిద్ధం అనే శుభారంభపు గుర్తు 2019లో వచ్చింది. పద్యాల పాదాల చివర న్ అని పలికే చోట పాత పుస్తకాల్లో వాడిన నకారపొల్లు 2021లో వచ్చింది. వీటన్నిటికంటే నాకు ముఖ్యమైనవి, 2008 ఏప్రిల్లో 5.1 కూర్పుతో వచ్చిన ఎనిమిది గళ్ళు. 3192 నుంచి 3199 దాకా. తెలుగు బారులో చిట్టచివరి ఎనిమిది. వాటిలో ఏడు మన పాత భిన్నాల అంకెలు, ఎనిమిదోది తూము గుర్తు.

ఈ ఎనిమిదింటి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే ఫిర్యాదు చేసే పదిమందిలో తొమ్మిదిమందికి ఇవి ఉన్నట్టే తెలియదు.

మన పాత కొలతలు నాలుగుల మీద నడిచేవి. నాలుగు గిద్దలు ఒక సోల. నాలుగు సోలలు ఒక మానిక. నాలుగు మానికలు ఒక కుంచం. నాలుగు కుంచాలు ఒక తూము. మధ్యలో తవ్వ, అడ్డ లాంటి సగాలున్నా, పాత్రల పరిమాణం ఊరూరికీ కాస్త మారినా, వరస ఇది. డబ్బూ అంతే. రూపాయికి నాలుగు పావలాలు, పావలాకి నాలుగు అణాలు, అణాకి నాలుగు కానీలు. అంటే రూపాయికి అరవై నాలుగు కానీలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా ఈ అరవై నాలుగే మన బజారుని నడిపింది.

కొలతలు నాలుగుల మీద నడిస్తే భిన్నాలూ నాలుగుల మీదే నడుస్తాయి. మొదటి స్థానం పావులది: ఒక నిలువుగీత కాలు, రెండైతే అర, మూడైతే ముప్పాతిక. రెండో స్థానం వీసాలది, అంటే పదహారో వంతులది. ఇక్కడ గీతలు అడ్డంగా పడుకుంటాయి: ఒకటైతే వీసం, రెండైతే పరక, మూడైతే మూడు వీసాలు. మూడో స్థానం కానులది, అరవై నాలుగో వంతులది. మళ్ళీ గీతలు నిలబడతాయి. ఇలా నిలువు, అడ్డం, నిలువు. స్థానం మారినప్పుడల్లా గీత దిశ మారుతుంది కాబట్టి ఏ గీత ఏ స్థానానిదో చూడగానే తెలుస్తుంది. చైనాలో పుల్లలు పేర్చి లెక్కలు చేసేటప్పుడు సరిగ్గా ఇదే ఉపాయం వాడేవారు, ఒక స్థానంలో నిలువు పుల్లలు, పక్క స్థానంలో అడ్డ పుల్లలు. మన పద్ధతిలో సున్నలు కూడా రెండు. నిలువు స్థానాల సున్నకి హళ్ళి అని వేరే గడి ఉంది. అడ్డ స్థానాలకి మామూలు తెలుగు సున్న సరిపోతుంది.

ఇప్పుడు ౹౽౻ కుంచం అని రాసి ఉందనుకోండి. ఒక కాలు, రెండు వీసాలు, మూడు కానులు. కుంచంలో నాలుగో వంతు మానిక, పదహారో వంతు సోల, అరవై నాలుగో వంతు గిద్ద. అంటే ఒక మానిక, రెండు సోలలు, మూడు గిద్దలు. కూడికా తీసివేతా ఏమీ అక్కర్లేదు. అంకె చూస్తూ పాత్రలు తీసి కొలవడమే. కళ్ళంలో నిలబడి గింజలు కొలిచేవాడి కోసం పుట్టిన రాత అది.

యీ-చింగ్ మూడు జతల గీతలతో అరవై నాలుగు బొమ్మలు చెప్తుంది. మన భిన్నం మూడు స్థానాలతో అరవై నాలుగు విలువలు చెప్తుంది. చైనావాళ్ళ రెండు గీతలు మన ఒక్క అంకె. పదిహేడో శతాబ్దపు జర్మన్ తత్త్వవేత్త లైబ్నిట్జ్ యీ-చింగ్ పటం చూసి తన ఒకట్లూ సున్నల లెక్క అందులో ఉందని మురిసి, 1703లో తన వ్యాసంలో ఆ సంగతి రాసుకున్నాడు. ఆయనకి మన కరణం లెక్కలు ఎవరూ చూపించలేదు. అలాగని దీన్ని పట్టుకుని కంప్యూటర్ని మన కరణాలే కనిపెట్టారని వాట్సాప్ సందేశాలు తయారుచెయ్యకండి దయచేసి. రెండిటికీ చుట్టరికం ఉందని నేననడం లేదు. చెప్పేదల్లా ఇదీ: చైనావాళ్ళ అరవై నాలుగు మూతపడిన జాబితా కాబట్టి అరవై నాలుగు నంబర్లు పట్టాయి. మనది కలుపుకునే పద్ధతి కాబట్టి ఏడు అంకెలతో ఎంత దూరమైనా పోవచ్చు. తక్కువ నంబర్లిచ్చారు అని ఏడవాల్సిన చోటు కాదిది.

మరి ఆ గళ్ళిచ్చి ఇన్నేళ్ళయ్యాక వాటి గతేమిటి?

మా దగ్గర్లోని ఒక ఇంట్లో పాత ధాన్యం లెక్కల పుస్తకం దొరికితే, దాన్ని ఎత్తిరాసే పని నెత్తినేసుకున్నాను. ప్రతి వరసలోనూ ఒక మనిషి పేరు, చేను, ఇన్ని తూములు, ఇన్ని కుంచాలు, చివర ఈ గీతలు. కౌలు గింజల లెక్క. శుభ్రంగా రాసిన ప్రతిని తీసుకుని ఒక డి.టి.పి. షాపుకెళ్ళాను. కుర్రాడు మంచివాడు, ఓపికగా చూశాడు. "మాస్టారూ, ఈ గీతలు మా దాంట్లో ఉండవండీ. డాష్‌లు పెట్టేస్తాను, అందరికీ అర్థమవుద్దిగా" అన్నాడు. ప్రూఫులో నిలబడ్డ గీతలూ పడుకున్న గీతలూ అన్నీ డాష్‌లై పడుకున్నాయి. ముప్పాతిక కుంచం అంటే మూడు మానికలు. మూడు వీసాల కుంచం అంటే మూడు సోలలు. ఆ ప్రూఫులో రెండూ ఒకటే. ఎండలో ఒంగి కోసినవాడి గింజలు నాలుగో వంతుకి పడిపోయినా కాగితం మీద తేడా తెలియదు. ఆ పుస్తకంలో ఉన్నవాళ్ళకి ఇంకెక్కడా చరిత్ర లేదు. వాళ్ళ గురించి లోకంలో మిగిలిన రాత ఆ పేరూ, ఆ గీతలే. గీత దిశ పోతే మనిషికి జరిగిన న్యాయమో అన్యాయమో తెలిసే దారి పోయింది.

కుర్రాడిది తప్పంటే నేనొప్పుకోను. అతని కంప్యూటర్లో ఈ ఎనిమిది గళ్ళేం ఖర్మ, అసలు తెలుగే లేదు.

ఈ మాట కొంచెం విడమరిచి చెప్పాలి. 1990ల నుంచీ మన అచ్చు ప్రపంచాన్ని మోసిన అను, శ్రీలిపి లాంటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల నంబర్ల మీద తెలుగు ముక్కల బొమ్మలు పరుస్తాయి. తెర మీద తెలుగు కనిపిస్తుంది. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ, బ్రాకెట్లూ, అడ్డదిడ్డం గుర్తులూ. ఫాంటు తీసేస్తే మిగిలేది ఏ భాషా కాని చెత్త. ఆ రోజుల్లో వేరే దారి లేదు. వాటివల్లే తెలుగు అచ్చు కంప్యూటరెక్కింది, ఆ కృతజ్ఞత ఉండాలి. కానీ అది వేషం. వేషం ఎన్నేళ్ళు వేసినా ఒంటి రంగు మారదు.

ఇదే వేషం యిన్-యాంగ్ కూడా వేసింది. ఆ కాలపు విండోస్‌తో వచ్చిన వింగ్‌డింగ్స్ అనే ఫాంటులో ఎడమ చదరపు బ్రాకెట్ కొడితే యిన్-యాంగ్ వచ్చేది. దాని పక్కనే, వెనక్కి వాలిన గీత కొడితే దేవనాగరి ఓం వచ్చేది. ఫాంటు మారిస్తే యిన్-యాంగ్ కాస్తా బ్రాకెట్టయ్యేది, ఓంకారం కాస్తా వాలుగీత అయ్యేది. అంటే ఒకప్పుడు మన పేజీలూ చైనా తత్త్వమూ ఒకే స్థితిలో ఉన్నాయి. తేడా తర్వాత వచ్చింది. 9775 ఉందని తెలిశాక ఆ గుర్తు వాడేవాళ్ళు బ్రాకెట్ వేషం విప్పేశారు. మనం 3072 నుంచి 3199 దాకా సొంత గళ్ళు దొరికాక కూడా వేషంలోనే ఊళ్ళేలుతున్నాం.

ఫలితం చూడండి. పేజ్‌మేకర్ ఆఖరి కూర్పు 2001లో వచ్చింది. తెలుగు డి.టి.పి. షాపుల్లో అది ఇప్పటికీ బతికే ఉంది. మా ఇబ్రహీంపట్నం, కొండపల్లి, విజయవాడల్లో ఈ ముప్ఫై ఏళ్ళలో అచ్చయిన కవితా సంపుటాలు, సంఘాల కరపత్రాలు, స్థానిక చరిత్రలు, స్మారక సంచికలు అధిక భాగం ఆ ఫైళ్ళలో ఉన్నాయి. వాటిలో మీ తాతగారి పేరు వెతకండి. దొరకదు. ఆ పేరు అక్కడ తెలుగులో లేదు మరి. చూపులేని పిల్లకి ఆ కవిత వినిపించమని కంప్యూటర్ని అడగండి. గొణుగుతుంది. రచయిత పోయాక ఆ ఫైలు ఇంకో కంప్యూటర్లో తెరవండి, ఫాంటు లేకపోతే అంతే సంగతులు. చైనావాళ్ళ అరవై నాలుగు బొమ్మల్లో ఏదైనా ఈ క్షణం వెతికితే దొరుకుతుంది. మన నిన్నటి పుస్తకం దొరకదు. యూనికోడ్ చేసిన అన్యాయమా ఇది?

జవాబులు నాకు తెలుసు. అచ్చుకి అందమైన యూనికోడ్ ఫాంట్లు లేవంటారు. ఒకప్పుడు నిజం. దేశికాచార్యులుగారు ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లతోనే చాలాకాలం గడిపాం. ఇప్పుడు మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న, ఇలా ఎన్నో ఉచితంగా దొరుకుతున్నాయి. ఇన్‌డిజైన్ ఒత్తుల్ని సరిగానే పేరుస్తోంది. పాత ఫైళ్ళని మార్చే సాధనాలూ ఉన్నాయి. కూర్చుని తప్పులు దిద్దుకోవాలి, అంతే. ఆ కూర్చోవడమే మనకి కష్టం.

ఇంకొందరు, కృత్రిమ మేధ వచ్చేసింది, పేజీ ఫోటో తీస్తే అదే చదివేస్తుంది, ఈ తంటాలెందుకు అంటారు. అది నేర్చుకునేది ఎక్కణ్ణుంచి? మనం యూనికోడ్‌లో రాసి పెట్టినదాన్నుంచి. మనం ఎక్కడా టైపు చెయ్యని ౻ దానికెలా తెలుస్తుంది? ఏ మూడు ఒకట్లో అనుకుంటుంది. డాష్‌లు పెట్టిన డి.టి.పి. కుర్రాడు కనీసం నన్ను అడిగాడు. యంత్రం అడగదు.

చివరి జవాబు అందరికంటే పెద్దమనుషులది. కరణాల పదవులే 1984లో పోయాయి, కుంచాలూ తూములూ పోయాయి, ఈ గీతలతో ఇప్పుడు పనేముంది అంటారు. బ్రౌన్ దొర తన నిఘంటువుని 1852లో అచ్చువేసేటప్పుడు వీసానికి అర్థం రాయడం దండగనుకోలేదు. మనం ఇవ్వాళ్టికీ వీసమెత్తు నిజం లేదంటాం, పరకంత అంటాం, చిల్లికానీ కూడా లేదంటాం. మాట నాలుక మీద ఉంది, అంకె మాత్రం పోయింది. మా ఊరికి దిగువన ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలయ్యే కాలవల గట్ల మీద తూము అంటే ఇప్పటికీ రైతుకి తెలుసు, నీళ్ళు వదిలే దారి అది. గింజలు కొలిచే తూముని తీసుకెళ్ళి 3199లో, తెలుగు బారు చిట్టచివర పెట్టారు. పెట్టినవాళ్ళకి అర్థమైంది మనకి అర్థం కాలేదు. యీ-చింగ్ చదివేవాళ్ళెవరూ, మూడువేల ఏళ్ళ నాటి గీతలతో ఇప్పుడు పనేముందని అడగరు. అందుకే అవి ప్రతి ఫోన్లోకీ వచ్చాయి. వాడేవాళ్ళుంటే ఫాంటులో బొమ్మ వేస్తారు, బొమ్మ ఉంటే కీబోర్డులో మీట పెడతారు. నా ఫోన్ తెలుగు కీబోర్డులో ఈ ఎనిమిదింటిలో ఒక్కటీ లేదు. అడిగేవాళ్ళు లేకపోతే ఎందుకు పెడతారు?

కాబట్టి అడగాల్సినవి అడుగుదాం. తెలుగు ఫాంటు తయారుచేసేవాళ్ళని ఆ ఎనిమిది గళ్ళూ నింపమని అడుగుదాం. చేసేది ఎనిమిది బొమ్మలే, అందులో చాలావరకు గీతలే. పాత లెక్కలు, దస్తావేజులు ఎత్తిరాసేవాళ్ళు భిన్నాన్ని భిన్నంగానే టైపు చెయ్యాలి. దశాంశంలోకి మార్చాలనుంటే పక్కన రాసుకోవచ్చు. పుస్తకం అచ్చువేయించే ప్రతి రచయితా షాపులో పుస్తకాల కట్టతో పాటు యూనికోడ్ ఫైలు కూడా అడిగి తెచ్చుకోవాలి, డబ్బులు కాస్త ఎక్కువైనా సరే. సాహిత్య సంస్థలు బహుమతులకి పుస్తకాలు పిలిచేటప్పుడు నాలుగు ప్రతులతో పాటు ఆ ఫైలూ పంపమని ఒక్క వాక్యం చేరిస్తే చాలు, రెండేళ్ళలో షాపులన్నీ దారికొస్తాయి.

యీ-చింగ్‌లో అరవై మూడో బొమ్మకి యూనికోడ్ రాసుకున్న పేరు 'పూర్తయిన తర్వాత'. అరవై నాలుగోది, చిట్టచివరిది, 'పూర్తి కాకముందు'. పని అయిపోయిందనుకున్న చోట మళ్ళీ మొదలవుతుందని ఆ గ్రంథం భావం. మనకి 2008లో గళ్ళు వచ్చినప్పుడు పని పూర్తయిందనుకుని ఇళ్ళకెళ్ళిపోయాం. వెళ్ళినవాళ్ళు ఊరుకోకుండా ఇచ్చినవాళ్ళని తిట్టడం మొదలుపెట్టారు.

రేపు సభలో ఎవరైనా లేచి చైనావాళ్ళకిచ్చారు మనకివ్వలేదు అంటే నేను అడిగేది ఒకటే. అయ్యా, కిందటేడు మీరు వేయించిన పుస్తకం ఉంది కదా, అందులో మీ పేరు కంప్యూటర్లో వెతికితే దొరుకుతుందా?